బిరుదులు పోయాయి, 'గారు' మిగిలింది

ఉగాది సంచికో, వార్షికోత్సవ ఆహ్వాన పత్రికో సిద్ధం చేసే రోజుల్లో మన సంఘాలలో ఒక చిన్న చర్చ తప్పకుండా వస్తుంది. ఎవరి పేరుకు ముందు "డాక్టర్" వేయాలి? ఇంజనీరు గారికి "శ్రీ" ఒక్కటే చాలునా? "శ్రీ" వేశాక చివర "గారు" కూడా ఉండాలా? ఇంటి ఇల్లాలి పేరు విడిగా వేయాలా, లేక "దంపతులు" అని సరిపెట్టాలా? నవ్వుతూ మొదలైన చర్చ ఒక్కొక్కసారి ముఖాలు ముడుచుకునే దాకా వెళ్తుంది. ఇంత చిన్న మాటకు ఇంత పట్టింపు ఏమిటని విసుక్కునేవారూ ఉన్నారు. కాని పిలుపు చిన్న విషయం కాదు. ఎవరు ఎవరిని ఏమని పిలిచారో చూస్తే ఒక సమాజం చరిత్ర సగం తెలిసిపోతుంది. కువైట్‌లో రెండు మూడు భాషల పిలుపుల మధ్య రోజూ మెలిగే మనకు ఈ సంగతి కాస్త తీరికగా ఆలోచించదగినది.

ముందు మన భాష సంగతి చూద్దాం. ఇంగ్లీషువారికి ఎదుటి మనిషి ఎవరైనా "యూ" ఒక్కటే. అందుకని వారు గౌరవాన్ని పేరు ముందు పెట్టే మిస్టర్, సర్, డాక్టర్ వంటి మాటలలో చూపించుకోవాలి. తెలుగుకు ఆ అవసరం తక్కువ. మన గౌరవం క్రియలోనే ఉంటుంది. "రా" అన్నామా, "రండి" అన్నామా అన్న దానిలోనే అంతా తేలిపోతుంది. నువ్వు, మీరు, తమరు. వాడు, అతను, ఆయన, వారు. అది, ఆమె, ఆవిడ, వారు - ఇన్ని మెట్లున్న భాష మనది. తెలుగువాడు నోరు విప్పి ఒక వాక్యం పూర్తి చేసేసరికి ఎదుటివారిని ఏ మెట్టు మీద నిలబెట్టాడో చెప్పేసినట్టే. మాట్లాడుతూ ఆ సంగతి దాచిపెట్టడం మన భాషలో దాదాపు అసాధ్యం.

పైగా ఈ మెట్లు అన్ని సీమలలోనూ ఒకే ఎత్తులో లేవు. గోదావరి జిల్లాల వారికి ప్రతి మాట చివరా "అండీ" రావలసిందే. "ఆయ్, అలాగేనండీ" అంటే గాని వారికి మాట పూర్తయినట్టుండదు. రాయలసీమలో ఎంతో ఆప్యాయంగా, "ఏం నాయనా, ఎప్పుడొచ్చినావు?" అని పెద్దవారిని కూడా ఏకవచనంలో పలకరిస్తారు. తెలంగాణలో "ఏం సారూ, మంచిగున్నవా?" అనడంలో "సారూ" గౌరవం, "ఉన్నవా" చనువు, రెండూ ఒకే వాక్యంలో ఇమిడిపోతాయి. కువైట్‌లో ఈ మూడు సీమల వారూ ఒకే భవనంలో, ఒకే లిఫ్టులో కలుసుకుంటారు. అమలాపురం ఆవిడకు రాయచోటి మనిషి మాట మోటుగా వినిపిస్తుంది. రాయచోటి మనిషికి అమలాపురం "అండీ" మనిషిని దూరం పెట్టినట్టు వినిపిస్తుంది. ఇద్దరిలోనూ అమర్యాద లేదు. ఉన్నది ప్రాంతాల అలవాటు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకున్నా మనలో మనకు వచ్చే అపార్థాలు చాలా తగ్గుతాయి.

అయితే తేడాలన్నీ ప్రాంతాల అలవాట్లే అని చెప్పి తప్పించుకోవడానికి వీలులేదు. మన పల్లెలలో ఒకే పేరున్న ఇద్దరు మనుషులుండేవారు. ఒకరు "వెంకయ్య గారు", మరొకరు "వెంకిగాడు". ఆ ఇద్దరికీ మధ్య ఉన్న దూరం ఒక్క అక్షరం: "ర"కు బదులు "డ". ఆ అక్షరం వయసును బట్టి రాలేదు, గుణాన్ని బట్టీ రాలేదు. కులాన్ని బట్టి, భూమిని బట్టి వచ్చింది. పదేళ్ళ కామందు కొడుకు అరవై ఏళ్ళ పాలేరును "ఒరేయ్" అనడం, ఆ పాలేరు ఆ కుర్రవాణ్ణి "బాబుగారూ" అనడం మన తాతల కాలంలో ఎవరికీ వింతగా తోచలేదు.

తెలంగాణలో ఇది మరీ ముదిరింది. నిజాం కాలంలో జాగీర్లలోనూ, దేశ్‌ముఖుల గ్రామాలలోనూ వెట్టిచాకిరీ చేసే రైతుకూలీ నోట "దొరా, నీ బాంచను, కాల్మొక్త" అన్న మాట ఉండేది. బాంచ అంటే బానిస. అంటే పలకరింపులోనే మనిషి తన్ను తాను బానిసనని ఒప్పుకోవాలి! ఆంధ్ర మహాసభ సదస్సులు వెట్టిని ఖండించాయి. 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణంతో రాజుకున్న రైతాంగ పోరాటం 1951 దాకా సాగింది. అది భూమి కోసం, వెట్టి రద్దు కోసం జరిగిన పోరాటమని చరిత్ర పుస్తకాలు చెబుతాయి. నిజమే. కాని "బాంచన్" అనే మాట నోటినుంచి పోవడం కూడా ఆ పోరాట ఫలితాలలో ఒకటి. మనిషి నిటారుగా నిలబడి మాట్లాడడం నేర్చుకోవడం భూమి దక్కడం కంటె తక్కువ విషయం ఏమీ కాదు.

ఇక స్త్రీల సంగతి. మన వ్యాకరణంలో ఒక విచిత్రం ఉంది. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో మహత్తు, అమహత్తు అని నామవాచకాలను విభజించాడు. ఏకవచనంలో పురుషుడు మహత్తు. తక్కినవన్నీ అమహత్తు వరసలోకి పోతాయి. అందుకే "అతడు వచ్చాడు" అంటాం గాని, "ఆమె వచ్చింది" అంటాం. "ఆవు వచ్చింది", "బండి వచ్చింది" అన్నా అదే క్రియ! కాని బహువచనానికి వచ్చేసరికి స్త్రీలు మనుషుల వరసలో చేరిపోతారు: "వాళ్ళు వచ్చారు" అంటాం, ఆవులైతే "వచ్చాయి" అంటాం. గౌరవానికి మనం వాడేది బహువచనమే కనుక, ఒక స్త్రీని గురించి "ఆవిడ వచ్చారు" అన్నప్పుడు ఆమెకు గౌరవంతో పాటు క్రియలో మనిషి అన్న గుర్తింపు కూడా వస్తున్నది. పురుషుడికి "గారు" ఒక అలంకారం. స్త్రీకి అది వ్యాకరణమే బాకీపడిన న్యాయం. ఈ మాటను కాస్త గుర్తుంచుకోమని మనవి. మళ్ళీ దీని దగ్గరకే వస్తాం.

ఉత్తరాల మీద వ్రాసే మర్యాదలలోనూ ఇదే కథ. పూర్వం పెద్దమనిషికి ఉత్తరం వ్రాస్తే "మ.రా.రా.శ్రీ" అని మొదలు పెట్టేవారు. మహారాజరాజశ్రీ అన్నమాట. రాజ్యం లేకపోయినా ప్రతివాడూ మహారాజే. మద్రాసు ప్రభుత్వం కూడా తన కాగితాలలో ఈ ముద్రను వాడేది. తెలుగువారికి పేరు చివర "గారు", తమిళులకు "అవర్‌గళ్" చేర్చేది. స్వాతంత్ర్యం తర్వాత వీటన్నిటి స్థానంలో ఒక్క "శ్రీ" నిలిచింది. పురుషుడి పేరు ముందున్న "శ్రీ" ఆయనకు పెళ్ళయిందో లేదో చెప్పదు. స్త్రీకి మాత్రం పెళ్ళికాకపోతే "కుమారి", అయితే "చి.ల.సౌ." లేక "శ్రీమతి", భర్త పోతే "గం.భా.", అంటే గంగాభాగీరథీ సమానురాలు. వినడానికి పవిత్రంగానే ఉంది. కాని ఉత్తరం తెచ్చే పోస్టు జవాను మొదలు వీధిలో అందరికీ ఆమె వైధవ్యాన్ని చాటి చెప్పే రెండు అక్షరాలవి. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఎదిరించిన లోకం, కవరు మీద ఆ రెండు అక్షరాలను అటు తర్వాత కూడా చాలాకాలం వదలలేదు. ఇంగ్లీషులో కూడా ఇటువంటి చిక్కే ఉంది గనుకనే పెళ్ళితో పనిలేని "మిజ్" అనే మాట వచ్చింది. న్యూయార్క్ టైమ్స్ పత్రిక దాన్ని ఒప్పుకున్నది 1986లో మాత్రమే!

ఇప్పుడు బిరుదుల వైపు వద్దాం. నిజాం దర్బారులో జంగ్, దౌలా, ముల్క్, ఉమ్రా, జా అంటూ బిరుదులకు మెట్లుండేవి. బ్రిటిషువారు రావు సాహెబ్, రావు బహదూర్, దివాన్ బహదూర్, ఆ పైన "సర్" అంటూ మరో నిచ్చెన వేశారు. ఇక్కడ కువైట్‌లోని మనకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. 1899 జనవరిలో షేక్ ముబారక్ బ్రిటిషువారితో ఒప్పందం చేసుకున్నది మొదలు 1947 దాకా కువైట్ వ్యవహారాలు చూసింది బ్రిటిషు ఇండియా యంత్రాంగమే. 1961లో దినారు వచ్చేదాకా ఇక్కడ చెలామణీ అయినది రూపాయే. రూపాయితో పాటు ఇండియా బిరుదులు కూడా ఈ ఒడ్డుకు వచ్చాయి. 1921 నుంచి 1950 దాకా పాలించిన షేక్ అహ్మద్ అల్ జాబర్ కె.సి.ఎస్.ఐ., కె.సి.ఐ.ఇ. బిరుదులు పొందిన వారు. అంటే "స్టార్ ఆఫ్ ఇండియా", "ఇండియన్ ఎంపైర్" శ్రేణుల నైట్ అన్నమాట. మన విజయనగరం ఆనందగజపతిరాజు, బొబ్బిలి శ్వేతాచలపతి రంగారావు ఆ రెండవ శ్రేణిలోని వారే. ఎడారి ఓడరేవు పాలకుడికీ, కళింగసీమ జమీందారులకూ ఒకే కార్ఖానాలో తయారైన పతకం! ఈ ప్రాంతానికీ మనకూ ఉన్న సంబంధం చమురు తర్వాత వచ్చిందని అనుకునేవారికి ఇది కొత్త సంగతి కావచ్చు.

ఆ బిరుదులు ఏమయ్యాయి? ఒక చిన్న పరీక్ష పెట్టి చూద్దాం. వీరేశలింగానికి ప్రభుత్వం "రావు బహదూర్" ఇచ్చింది. గిడుగు రామమూర్తికి "రావు సాహెబ్" ఇచ్చింది. ఈనాడు తెలుగువారెవరైనా వారిని అలా పిలుస్తున్నారా? వీరేశలింగం పంతులు గారు, గిడుగు రామమూర్తి పంతులు గారు - ఇంతే. ప్రకాశం గారూ పంతులే. ఆపైన జనం పెట్టుకున్న పేరు "ఆంధ్రకేసరి". కొండ వెంకటప్పయ్య గారు "దేశభక్త", కాశీనాథుని నాగేశ్వరరావు గారు "దేశోద్ధారక", దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు "ఆంధ్రరత్న". వీటిలో ఏ ఒక్కదానికీ ప్రభుత్వ సన్నదు లేదు. సన్నదులున్నవి పుస్తకాలలో పడుకున్నాయి. జనం ఇచ్చినవి వీధుల పేర్లయి, పిల్లల పాఠాలయి బ్రతికాయి. పదవిని బట్టి వచ్చిన పిలుపులదీ అదే గతి. ఎన్.టి.రామారావు ప్రభుత్వం 1984లో గ్రామాధికారుల వ్యవస్థను రద్దు చేసినప్పుడు "మునసబు గారు", "కరణం గారు" ఒక్క కలం పోటుతో మాజీలయ్యారు. అయినా ఊళ్ళో మంచి పేరున్న కరణాన్ని చివరిదాకా "కరణం గారు" అనే పిలిచారు. లేనివాణ్ణి ఎవరూ అలా పిలవలేదు. అంటే పదవి పోయాక మిగిలే "గారు" ఎదుటివాడు ఇష్టపడి ఇచ్చేదే.

మన రాజ్యాంగ నిర్మాతలు ఈ సంగతి బాగా ఆలోచించారు. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగంలో 18వ అధికరణం ప్రభుత్వం బిరుదులు ఇవ్వకూడదని శాసించింది. పౌరులు విదేశీ ప్రభుత్వాల నుంచి బిరుదులు స్వీకరించకూడదని కూడా చెప్పింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారికి 1931లోనే "సర్" వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత ఆయన దాన్ని వాడలేదు. 1954లో భారతరత్న, పద్మ పురస్కారాలు మొదలయ్యాయి. అవి బిరుదులు కావా అన్న తగాదా సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1995లో కోర్టు, అవి పురస్కారాలే గాని బిరుదులు కావనీ, పేరుకు ముందుగాని వెనుకగాని తగిలించుకోకూడదనీ తేల్చింది. సభలలో "పద్మశ్రీ ఫలానా" అని ప్రకటించే మన అలవాటు ఆ తీర్పుకు సరిపోదన్న మాట.

18వ అధికరణం రెండింటిని మాత్రం మినహాయించింది: సైనిక గౌరవం, విద్యా గౌరవం. కనుక కల్నల్ మిగిలాడు, డాక్టర్ మిగిలాడు. మా వైద్యుల అదృష్టం అనుకోవచ్చు. అయితే దీనిలోనూ ఒక తిరకాసు ఉంది. "డాక్టర్" అన్న లాటిను మాటకు అర్థం బోధకుడు. అసలు హక్కుదారులు విశ్వవిద్యాలయాలలో డాక్టరేటు పొందిన వారు. మాలో చాలామందికి ఉన్నది ఎం.బి.బి.ఎస్.; అందులో "బి" అంటే బ్యాచిలరే. మా పేరు ముందున్న "డాక్టర్" పట్టా ఇచ్చింది కాదు, రోగులు ఇచ్చింది. ఇంగ్లండులో సర్జన్లు తమను "మిస్టర్" అనిపించుకోవడానికి ఇష్టపడతారు. 1540లో మంగళ్ళూ సర్జన్లూ ఒకే సంఘంగా ఉన్న రోజుల్లో పట్టాలేని సర్జనుకు "డాక్టర్" అనే పిలుపు లేదు. తర్వాత వారి స్థాయి ఎంతో పెరిగినా, 1800లో వారికి రాయల్ కాలేజీ వచ్చినా, ఆ పాత "మిస్టర్"నే గర్వంగా నిలుపుకున్నారు. ఒకనాడు చిన్నచూపుగా ఉన్న పిలుపు మరొకనాడు గౌరవమైంది. మాటలో ఏమీ లేదు. దాని వెనుక ఉన్న మనిషిలో ఉంది.

ఇక మన చుట్టూ ఉన్న అరబ్బీ పిలుపులు. వైద్యుడు ఇక్కడ "దక్తూర్", వైద్యురాలు "దక్తూరా". ఇంజనీరుకు కూడా పేరు ముందు "ముహందిస్" పెట్టే ఆచారం ఉంది కనుక మన ఇంజనీరు మిత్రులకు ఇక్కడ లోటు లేదు. బిరుదు తర్వాత వీరు వాడేది మనిషి స్వంత పేరు: "దక్తూర్ అహ్మద్" అంటారు. పాస్‌పోర్టులో పేరును ఎలా విడగొట్టారో దాన్ని బట్టి మనలో ఒకరు "దక్తూర్ వెంకట", మరొకరు ఇంటిపేరుతో "దక్తూర్ గుంటూరు" అయిపోతారు! పెళ్ళయినా ఇక్కడి స్త్రీ తన తండ్రి వంశం పేరునే ఉంచుకుంటుంది. మన స్త్రీకి పెళ్ళితో ఇంటిపేరు మారుతుంది. ఈ విషయంలో ఎవరు ఎవరికి పాఠం చెప్పాలో ఆలోచించవలసిందే.

దగ్గరివారు ఒకరినొకరు పెద్దకొడుకు పేరుతో పిలుచుకుంటారు. ఆయన "బూ ఫహద్", ఆమె "ఉమ్ ఫహద్". ఫహద్ తండ్రి, ఫహద్ తల్లి అన్నమాట. దీవానియాలో కూర్చున్న పెద్దమనిషికి ఈ పిలుపు ఏ పదవి కన్నా ఇష్టం. మనకిది కొత్త కాదు. భర్త పేరు ఉచ్చరించని మన అమ్మమ్మలు "మా అబ్బాయి నాన్నగారు" అనేవారు. ఆ రోజుల్లో మన ఆడవారి "ఏవండీ"కి ఇక్కడి "బూ ఫలానా" అన్న చుట్టమే.

"షేక్" సంగతి మరీ ఆసక్తికరం. ఆ మాటకు అసలు అర్థం పెద్దవాడు అని మాత్రమే. మన "పెద్దాయన" లాంటిది. కువైట్‌లో అది పాలక కుటుంబం వారికి, మతపెద్దలకు వాడే గౌరవం. పాలకుణ్ణి పూర్వం "హాకిం" అనేవారు. 1961 జూన్ 19న స్వాతంత్ర్యం వచ్చాక షేక్ అబ్దుల్లా అల్ సాలిం తొలి "అమీర్" అయ్యారు. హైదరాబాదులో "హకీం" అంటే యునానీ వైద్యుడు. రెండు మాటలదీ ఒకే ధాతువు. ఆ ధాతువులోనే వివేకమూ ఉంది, అధికారమూ ఉంది. ఇక కడప, రాయచోటి ప్రాంతాల నుంచి వచ్చే మన ముస్లిం సోదరులలో ఎంతోమందికి "షేక్" ఇంటిపేరులా పేరు ముందే ఉంటుంది. ఇక్కడ రాజకుటుంబం వారి గౌరవ పదమే అక్కడ నుంచి డ్రైవరు పనికి వచ్చిన వాడి పాస్‌పోర్టులో ఇంటిపేరు. మాట ఒక్కటే. ఒకరికి తలుపులు తెరుస్తుంది, మరొకరికి వరసలో నిలబడడమే మిగులుతుంది.

ఇక్కడ మనం అసలు విషయానికి వచ్చాం. కువైట్‌లో తెలుగువారు అంటే మన డాక్టర్లు, ఇంజనీర్లు, లెక్కల నిపుణులు మాత్రమే కాదు. కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ ఇళ్ళలో పనికి, డ్రైవింగుకు, వంటకు వచ్చినవారు వేలాదిమంది ఉన్నారు. మనవాళ్ళ నోట "18 నంబరు వీసా" అంటే కంపెనీ పని, "20 నంబరు" అంటే ఇంటి పని. చిత్రమేమంటే మన దేశంలో 18వ అధికరణం బిరుదులు తీసివేసింది. ఇక్కడ మన ఊరివాణ్ణి పరిచయం చేసేటప్పుడు ఈ నంబరే బిరుదయింది! 20 నంబరును "ఖాదిం వీసా" అని కూడా అంటారు. ఖాదిం అంటే సేవకుడు. అదే మాటను 1986లో సౌదీ రాజు ఫహద్ "ఖాదిముల్ హరమైన్" అని, అంటే రెండు పవిత్ర మసీదుల సేవకుడని, తన బిరుదుగా స్వీకరించారు. మన కంచర్ల గోపన్న రామదాసు అయినట్టే. దేవుడికి దాసుడైతే కీర్తి, మనిషికి దాసుడైతే తలవంపు. ఇక్కడి చట్టం 2015లో వచ్చిన 68వ నంబరుతో ఇంటి పనివారికి వారపు సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని వంటి హక్కులు వ్రాసింది. ఆ చట్టం వారిని "ఇంటి కార్మికులు" అనే అర్థం గల మాటతో పేర్కొంది. చట్టం మాట మార్చుకుంది. మన నోరు మార్చుకుందా?

పనివారు యజమానిని "బాబా", యజమానురాలిని "మామా" అని పిలవడం ఇక్కడి ఆనవాయితీ. తండ్రి, తల్లి అని అర్థం. కొత్తగా వచ్చిన తెలుగు ఆవిడకు ఇంటి యజమానురాలిని "మామా" అనవలసి రావడం మొదట నవ్వు తెప్పిస్తుంది. ఆ పిలుపుకు బదులుగా ఆమెకు వచ్చేది ఏమిటి? పేరు, అదీ ఏకవచనంలో. వీధిలో కూలివాణ్ణి "రఫీక్" అని కేకవేస్తారు. స్నేహితుడని అర్థం! మంచి మాటలు కూడా ఒకే వైపు నడిస్తే ఇలాగే అరిగిపోతాయి.

ఇది ఇక్కడివారి తప్పని చేయి చూపించి ఊరుకోవడం సులభం. మన ఇళ్ళలో ఏం జరుగుతున్నది? మన పిల్లలకు సంఘంలో కలిసిన ప్రతివారూ అంకుల్, ఆంటీ. నిజానికి అరబ్బీలోనూ తెలుగులోనూ తండ్రి వైపు, తల్లి వైపు బంధువులకు వేరు వేరు పేర్లున్నాయి. వారికి అమ్, ఖాల్. మనకు బాబాయి, మేనమామ. ఆ సంపదనంతా ఒక్క "అంకుల్"లో పోసి కలిపేశాం. పోనీ, అది కాలధర్మం అనుకుందాం. కాని అదే పిల్లవాడు ఇంట్లో వంటచేసి పెట్టే యాభై ఏళ్ళ మనిషిని ఆంటీ అనడు. పేరు పెట్టి పిలుస్తాడు, "నువ్వు" అంటాడు. వాడికి అది ఎవరు నేర్పారు? రాయలసీమ ఆప్యాయతలో వచ్చే ఏకవచనం కాదది. ఆ ఆప్యాయత ఇరువైపులా ఉంటుంది. ఇది పాత పల్లెలోని "గాడు"యే. సముద్రం దాటి, విమానమెక్కి, ఎయిర్ కండిషను గదిలోకి వచ్చి కూర్చుంది.

మా వృత్తిలో ఒక అనుభవం ఉంది. తెలుగు కార్మికుడు రోగిగా వచ్చినప్పుడు "ఏమిటి నీ ప్రాబ్లం?" అంటే ఒక్క ముక్కలో "కడుపునొప్పి సార్" అని ఊరుకుంటాడు. "కూర్చోండన్నా, ఎప్పటి నుంచి ఉంది?" అంటే నిద్రలేని రాత్రులు, తినని పూటలు, ఊళ్ళోని అప్పు, దాచుకున్న మాత్రల చీటీ అన్నీ బయటికి వస్తాయి. రోగ నిర్ణయానికి కావలసినదంతా ఆ "అన్నా"లో ఉంటుంది. అది మర్యాద మాత్రమే కాదు, మంచి వైద్యం కూడా. ఇళ్ళలో పనిచేసే స్త్రీ విషయంలో ఇది మరింత నిజం. తన కష్టం చెప్పుకోవడానికి భాషలేని చోట, సొంత భాషలో "మీరు" అని పిలిచే మనిషి ఎదురైతే తప్ప ఆమె నోరు విప్పదు.

అందువల్ల ఆహ్వాన పత్రికలో ఎవరి పేరు ముందు ఏమి వేయాలన్నది కార్యవర్గం తేల్చుకోనివ్వండి. "శ్రీ" అందరికీ సమానంగా వేస్తే ఎవరికీ నష్టం లేదని మా అభిప్రాయం. అంతకన్నా ముఖ్యమైనది వేరే ఉంది. రావు బహదూర్లు పోయారు, కె.సి.ఐ.ఇ.లు పోయారు, మునసబులు పోయారు; మన "డాక్టర్", "ముహందిస్" కూడా ఉద్యోగ విరమణ నాటికి సగం పోతాయి. తనకు తాను తగిలించుకున్నది నిలవదు. ఎదుటివారు ఇచ్చినదే నిలుస్తుంది. అదే విధంగా, మనం ఇవ్వగలిగినది కూడా అదొక్కటే. దానికి ప్రభుత్వ సన్నదు అక్కరలేదు, ఫిల్సు ఖర్చు లేదు.

ఇంట్లో పనిచేసే తెలుగు ఆవిడను పిల్లలచేత "అక్కా" అనో "పిన్నీ" అనో, పెద్దావిడైతే "అమ్మమ్మా" అనో పిలిపిద్దాం. ఆమె గురించి వేరేవారితో చెప్పేటప్పుడు "వచ్చింది" మాని "వచ్చారు" అందాం. డ్రైవరును "అన్నా" అందాం. మన సభలకు వారు వచ్చినప్పుడు వెనుక నిలబెట్టకుండా పేరుకు "గారు" చేర్చి కుర్చీ చూపిద్దాం. మన పిల్లలు ఎంత తెలుగు మరచిపోయినా పరవాలేదు, ఈ ఒక్క "గారు" ఎవరికి ఇవ్వాలో నేర్చుకుంటే చాలు. ఇవ్వవలసింది తమకన్నా పైవారికే అని నేర్చుకుంటే మాత్రం, మనం వారికి నేర్పింది తెలుగు కాదు. మన తాతల నాటి నిచ్చెన.